రెండో కంచం

దెందులూరు వెళ్ళి మల్లికార్జునరావు మాస్టారిల్లు ఎక్కడండీ అని అడిగితే ఒకరిద్దరు తెల్లమొహం వేసినా వేస్తారు. పుట్టుక మాస్టారిల్లు అని అడగండి, వేలు పెట్టి మరీ చూపిస్తారు. తాడేపల్లిగూడెంలో పద్నాలుగేళ్ళు, ఆ తర్వాత దెందులూరులో ఇల్లు తీసుకుని కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో ఇరవై రెండేళ్ళు, మొత్తం ముప్పై ఆరేళ్ళు హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పారాయన. ఆ రోజు పాఠం ఏదైనా కానివ్వండి, క్లాసులో అడుగు పెడుతూనే బోర్డుకి కుడివైపు పైమూల ఒక ఇంగ్లీషు మాట రాసేవారు. దాని కింద అర్థం, ఆ కింద పుట్టుక. ఆ మాట ఏ దేశంలో పుట్టింది, ఎవరి నోళ్ళలో నలిగింది, ఏ దారిన ఈ ఊరి బడిదాకా వచ్చింది, ఇదంతా చెప్పాకే అసలు పాఠం.

పిల్లలకి పాఠాలు గుర్తులేవు గాని పుట్టుకలు మాత్రం గుర్తుండిపోయాయి. మజిల్ అంటే బుల్లి ఎలుక అని చెప్పిన రోజున క్లాసంతా చొక్కా చేతులు పైకి మడిచి, కండలు బిగించి వదులుతూ ఎవరి ఎలుకని వాళ్ళు చూసుకున్నారు. విండో అంటే గాలికన్ను అని చెప్పారు. ఆయన దగ్గర చదివి ఇప్పుడు చేపల లారీలు తోలుకుంటున్న వాళ్ళు హైవే మీద ఆయన కనబడితే అద్దం దించి, గాలికన్నులోంచే నమస్కారం పెట్టి పోతారు.

ఇన్ని మాటల పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన పెద్దమనిషికి తన ఇంట్లో ఒక్క సంగతి తెలియలేదు. మంచివాడే, కాదనను. చెయ్యెత్తి ఎరగడు, మాట తూలి ఎరగడు. అయినా సరే, ఇది చెప్పకపోతే ఆ ఇల్లాలికి అన్యాయం చేసినట్టే.

ఆవిడ పేరు జ్ఞానప్రసూనాంబ. కొల్లేటి లంకల్లో పుట్టిన పిల్ల. ఆ ఇంట్లో రెండు పూటలా చేపలకూర ఉండాల్సిందే. పెళ్ళయ్యాక గూడెంలో రెండు గదుల అద్దె వాటాలో కాపురం పెట్టారు. కాపురం పెట్టిన మొదటివారంలో పుట్టింటి నుంచి కొర్రమీను వస్తే పిల్ల సంబరపడిపోయి పులుసు పెట్టింది. మాస్టారికి చిన్నప్పుడెప్పుడో గొంతులో చేపముల్లు గుచ్చుకుంటే మూడ్రోజులు నరకం చూశారట. అప్పటినుంచీ చేపల వాసన తగిలితే చాలు, కడుపులో దేవేస్తుంది. ఆ సంగతి కొత్త పెళ్ళాంతో ఎవరు చెప్పారు? మొదటి ముద్ద నోటి దగ్గరికి వెళ్ళకుండానే కంచం ముందునుంచి లేచి పెరట్లోకి పరుగెత్తారు.

ఆవిడ గిన్నెలన్నీ తోమి, గచ్చు నిమ్మతొక్కలతో రుద్ది కడిగింది. కడిగి వచ్చి, నాకూ పెద్ద ఇష్టం ఉండదులెండి, ఇక మనింట్లో వండను అంది. మాస్టారు నమ్మేశారు. నమ్మితే ఆయనకి సుఖంగా ఉంది మరి.

అప్పటినుంచీ ఆ ఇంట్లో గుత్తొంకాయ, గోంగూర పచ్చడి, పప్పుచారు. మాస్టారు పీట వేసుకుని కూర్చునేవారు. ఆవిడ వడ్డించి తలుపు పక్కన నిలబడేది. ఆయన తినేసి, చెయ్యి కడుక్కుని, పేపరు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాక అదే కంచంలో ఆవిడ పెట్టుకునేది. వాళ్ళమ్మ అలాగే తిన్నది, మాస్టారి అక్క రత్నాంబ అలాగే తిన్నది, చుట్టాలిళ్ళల్లో అందరూ అంతే. కొత్తలో ఒకసారి నువ్వూ కూర్చోరాదూ అన్నారట. "మీరు కానివ్వండి" అంది ఆవిడ. ఆయన కానిచ్చారు. ఆ కానివ్వడం అలా ఏళ్ళ తరబడి సాగిపోయింది. పిల్లలు పుట్టలేదు. కొన్నాళ్ళు ఆసుపత్రులు తిరిగారు, కొన్నాళ్ళు ద్వారకా తిరుమల మెట్లెక్కారు, ఆ తర్వాత ఇద్దరూ ఆ ఊసెత్తడం మానేశారు. వడ్డించడానికి ఇంకొకరు లేరు, తినడానికీ ఇంకొకరు లేరు. ఉన్న ఇద్దరూ కలిసి కూర్చోడానికి అడ్డమేమిటో ఆ దేవుడికే తెలియాలి.

ఆవిడ వంట మాత్రం స్టాఫ్‌రూములో అందరూ కలిసి తిన్నారు. డ్రిల్లు మాస్టారు నెల్సన్ ఇరవై రెండేళ్ళూ మధ్యాహ్నం బెల్లు కొట్టగానే తన క్యారేజీ తెచ్చి మన మాస్టారి క్యారేజీ పక్కన పెట్టేవారు. ఆయన కూర ఈయనకి, ఈయన వంకాయ ఆయనకి. చెల్లెమ్మగారి చేతిలో ఏదో ఉందండీ అని నెల్సన్ అంటే, ఆ మాట మాస్టారు సాయంత్రం ఇంటికి తెచ్చి చెప్పేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

మూడేళ్ళ కిందట మాస్టారు రిటైరయ్యారు. బడిలో టెంటు వేశారు, దండలు వేశారు, ప్రసూనాంబగారిని ముందు వరసలో కూర్చోబెట్టారు. మాస్టారు మాట్లాడటానికి లేచి, అలవాటు చొప్పున బోర్డు తెప్పించుకుని పైమూల చివరి మాట రాశారు. కంపానియన్. డిక్షనరీలో తోడు అని, స్నేహితుడు అని రాసి చేతులు దులుపుకుంటారు గాని దాని పుట్టుక చూడండి అన్నారు. లాటిన్‌లో కమ్ అంటే కలిసి, పానిస్ అంటే రొట్టె. ఒక రొట్టె విరుచుకుని కలిసి తిన్నవాడే కంపానియన్. ఫ్రెంచివాళ్ళ నోట నలిగి ఇంగ్లీషులోకి వచ్చింది. కంపెనీ దానికి తోబుట్టువు, వంటసామాన్లు పెట్టుకునే ప్యాంట్రీ కూడా ఆ రొట్టె పుట్టింటిదే. పక్క పక్కన నడిచినంత మాత్రాన, ఒక చూరు కింద ఉన్నంత మాత్రాన ఎవరూ కంపానియన్ అయిపోరు, కలిసి తినాలి అన్నారు. మన దగ్గర రొట్టె లేదు, అన్నం ఉంది, ఇదిగో నాతో ఇన్నేళ్ళు అన్నం తిన్నవాళ్ళు వీళ్ళు అని నెల్సన్‌ని, ఇంకో నలుగురిని పేరు పేరునా పిలిచి కావిలించుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఆవిడ కూడా కొట్టింది.

ఆటోలో ఇంటికొస్తూ, ఆ మాటకి అర్థం ఇంకోసారి చెప్పండి అని అడిగింది. ఎప్పుడూ అడగని మనిషి అడిగిందని మాస్టారికి హుషారొచ్చింది. కమ్, పానిస్, కంపెనీ, ప్యాంట్రీ, మళ్ళీ మొదటినుంచి అప్పజెప్పారు. కలిసి తిన్నవాళ్ళన్నమాట అని ఆవిడ తనలో తను అనుకుంది.

వాళ్ళ పెళ్ళికి పుట్టింటివాళ్ళు స్టీలు కంచాల జత ఇచ్చారు. ఒకదాని అంచు మీద ఆయన పేరు, రెండోదాని మీద ఆవిడ పేరు చెక్కించి ఉంటాయి. ఆయన కంచం రోజూ తోమి తోమి అక్షరాలు అరిగిపోయాయి. ఆవిడది అటకమీద కొత్తదానిలా పడి ఉంది. ఆ సాయంత్రం ఆవిడ స్టూలు వేసుకుని అటకెక్కి ఆ కంచం దించింది. తోమి, తుడిచి, ఆయన కంచం పక్కనే పెట్టింది. రెండు పీటలు వాల్చింది.

మాస్టారు కాళ్ళు కడుక్కుని వచ్చి చూశారు. రెండు కంచాలు. ఇంటికి ఎవరైనా వస్తే తప్ప రెండో కంచం పెట్టడం ఆయన ఎరగరు.

"నెల్సన్ వస్తున్నాడా?" అని అడిగారు.

ఆవిడ రెండో పీట వెనక్కి జరిపింది. "లేదండీ, పొరపాటున పెట్టాను" అని ఆ కంచం తీసేసింది. కంచం అంచు మీద ఎవరి పేరుందో ఆయన చూడలేదు. ఏ మూలో ఉన్న లాటిన్ మాటలు చదివిన కళ్ళు, జానెడు దూరంలో ఉన్న తెలుగు అక్షరాలు చదవలేదు. ఏం చెప్పమంటారు.

రిటైరయ్యాక మధ్యాహ్నం పన్నెండున్నరకి భోజనం, ఆ తర్వాత ముందుగదిలో మడతమంచం మీద కునుకు. కృపమ్మ అని కొల్లేటివైపు నుంచి చేపలు తెచ్చి వీధుల్లో అమ్ముకునే ఆవిడ ఉంది. రెండు గంటలకి గంప ఖాళీ చేసుకుని వీళ్ళ పెరటివైపు వచ్చి కూర్చునేది. మంచినీళ్ళకి వస్తుందని మాస్టారు అనుకునేవారు. ఒక్కోసారి నిద్రలో పెరటివైపు నుంచి నవ్వు వినపడేది. లేచి వెళ్ళి చూస్తే గచ్చు తడిగా ఉండి నిమ్మకాయ వాసన వచ్చేది. శుభ్రమైన మనిషి అనుకుని వచ్చి మళ్ళీ పడుకునేవారు.

కిందటేడు శ్రావణంలో ఒకరోజు ఆ కృపమ్మ పెరటివైపు నుంచి కాకుండా వీధి గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. గంప కూడా దించలేదు.

"అమ్మగారు ముద్ద మింగలేకపోతన్నారండి మాస్టారు గారూ. మూడు నెల్లయ్యింది. ఇప్పుడు జావ కూడా దిగట్లేదండి. మీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నారు. చెప్పేశానండి" అంది.

మూడు నెలల సంగతి ఇంట్లో ఉన్న తనకి తెలియకుండా వీధిలో చేపలమ్మే మనిషికి ఎలా తెలిసిందని ఆ క్షణాన ఆయనకి తట్టలేదు. కారు మాట్లాడుకుని ఏలూరు తీసుకెళ్ళారు. అన్నవాహికలో గడ్డ. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. రిపోర్టులు చూస్తూ, మింగడానికి ఎన్నాళ్ళుగా ఇబ్బంది పడుతున్నారండీ అని అడిగాడు. ఆవిడ తల దించుకుంది. మీరు రోజూ ఇంట్లోనే ఉంటారు కదా మాస్టారూ, ఆవిడ తినేటప్పుడు గమనించలేదా అని అడిగాడు.

తప్పుపట్టి అడగలేదు, కాగితం మీద రాసుకోడానికి అడిగాడు. మాస్టారికి తల తీసేసినట్టయింది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ తినడం ఆయన చూడలేదు. పెళ్ళిళ్ళలో కూడా ఆడవాళ్ళ బంతి వేరే. ఆవిడ ముద్ద పెద్దదిగా కలుపుతుందా, చిన్నదిగా కలుపుతుందా, ఉప్పు తక్కువైతే వేసుకుంటుందా, ఏదీ ఆయన ఎరగరు. తెలియదండీ అన్నారు.

ముక్కులోంచి గొట్టం వేశారు. పాలు, జావ అందులోంచే పోసేవారు. ఆరువారాల వైద్యం అన్నారు. గడ్డ కరిగితే గొట్టం తీసేస్తాం, మెత్తగా కలిపిన అన్నం నోటితోనే తినొచ్చు అన్నారు. మాస్టారు ఆ మాట పట్టుకుని బతికారు. టిఫిన్ తెచ్చుకున్నప్పుడల్లా ఆవిడ ముందు తినడానికి చేతులు రాక వరండాలోకి పోయి, గోడవైపు తిరిగి గబగబా మింగేసి వచ్చేవారు. రెండో రోజే ఆవిడ పట్టేసింది. ఇక్కడే కూర్చుని తినండి, నేను చూస్తాను అంది.

కూర్చున్నారు. ఇడ్లీ తుంచారు. తుంచిన ముక్క చేతిలోనే ఉండిపోయింది. రిటైరైన నాటి సాయంత్రం కళ్ళముందు కదిలింది.

"ప్రసూనా, ఆ రోజు రెండో కంచం ఎవరికి పెట్టావు?"

ఆవిడ కిటికీ వైపు చూసింది. "నాకేనండీ" అంది. "పోనివ్వండి, ఇప్పుడెందుకు."

మాస్టారు ఏడ్చారు. పక్క మంచాలవాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా, మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చారు. ఆవిడ ఆయన జుట్టు సవరిస్తూ, ఇడ్లీ చల్లారిపోతోంది తినండి అంటూనే ఉంది.

మర్నాడు బస్సెక్కి దెందులూరు వెళ్ళి రెండు కంచాలూ తెచ్చి ఆవిడ మంచం పక్క అరలో పెట్టారు. గొట్టం తీసిన పూట ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిందాం అన్నారు. ఆవిడ తన కంచం అంచు మీద పేరు వేలితో తడుముకుంది. మాస్టారు తన అక్కయ్య రత్నాంబకి గూడెం ఫోన్ చేసి అన్నం ఎసరెంత, పప్పుకి విజిల్స్ ఎన్ని అని అడిగి రాసుకున్నారు. ఆసుపత్రి దగ్గర గది తీసుకుని, స్టవ్వు కొని, రోజూ ఒకటి వండి నేర్చుకున్నారు. ఆ రోజుకి ఏం వండమంటావు అని ఆవిడని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ఆవిడ చెప్పింది ఒకటే.

"మీకేది ఇష్టమైతే అదే వండండి."

గట్టిగా మూడోసారి అడిగి ఉంటే చెప్పేదేమో. ఆయన అడగలేదు. గుత్తొంకాయ నేర్చుకోవడం మొదలుపెట్టారు.

అయిదోవారంలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. రెండురోజులు ఆయాసపడింది. శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి, ఆయన పాలు కాచి తెచ్చేసరికి, అయిపోయింది. గొట్టం తీశారు. ప్రాణం పోయాక తీశారు.

మూడోనాడు చిన్నదినం. ఆ వైపు ఆనవాయితీ మీకు తెలిసే ఉంటుంది. పోయినవాళ్ళకి ఏవి ఇష్టమో అవన్నీ వండి, విస్తట్లో పెట్టి, కాలవగట్టున కాకికి చూపించాలి. కాకి ముట్టాకే ఇంట్లోవాళ్ళు మెతుకు ముట్టాలి. పొద్దున్నే పొయ్యి వెలిగించి రత్నాంబ తమ్ముణ్ణి పిలిచింది.

"మరదలికి ఏవిష్టంరా తమ్ముడూ? చెప్పు, వండించేస్తాను."

మాస్టారు నోరు తెరిచారు. ఆయన తెల్లబోవడం చూసి, గుత్తొంకాయ చేయిస్తానులే, ఎప్పుడొచ్చినా అదే వండి పెట్టేది కదా అంది రత్నాంబ. కాదక్కా, అది నాకిష్టం అన్నారు. గోంగూర పచ్చడో? అదీ నాకే. పప్పుచారు? అదీ నాకేనక్కా. రత్నాంబ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అడిగితే రెండు వేల ఇంగ్లీషు మాటల పుట్టుక తడుముకోకుండా చెప్పే మనిషి, పెళ్ళానికి ఇష్టమైన కూర ఒక్కటి చెప్పలేక చుట్టాల మధ్య నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఆవిడ తిన్నదంతా ఆయనకి ఇష్టమై, ఆయన తినగా మిగిలింది.

మొహం దాచుకోడానికి పెరట్లోకి వెళ్ళారు. అక్కడ గచ్చు మెట్టు మీద కృపమ్మ కూర్చుని ఉంది. పక్కన చేపల గంప లేదు, స్టీలు క్యారేజీ ఉంది. ఆయన్ని చూసి లేచి నిలబడింది.

"కొర్రమీను పులుసండి. అమ్మగారికి ఇదంటే పేణం. ఈ ఒక్కరోజుకీ లోపలికి తేనివ్వండి మాస్టారు గారూ" అంది.

నీకెలా తెలుసని అడిగారు. కృపమ్మ విడ్డూరంగా చూసింది. రోజూ కలిసే కదండీ తినేవాళ్ళం, ఇదిగో ఈ మెట్టు మీదే అంది. అప్పట్లో మీరు బడిలో ఉండగా, ఆ తర్వాత మీరు పడుకున్నాక నేను మా ఇంటి కూర తెచ్చేదాన్ని, అమ్మగారు అన్నం తెచ్చేవారు, ఒకే గిన్నెలో కలుపుకునేవాళ్ళం, మీకు వాసన పడదని తిన్నాక గచ్చు నిమ్మతొక్కలతో కడిగేసేవాళ్ళం అంది. ఎన్నాళ్ళనుంచీ అని అడిగితే వేళ్ళు లెక్కపెట్టుకుంది. మీరు గూడెం నుంచి ఈ ఊరొచ్చిన ఏడునుంచీ అంది. మాస్టారు స్టాఫ్‌రూములో నెల్సన్‌తో కలిసి తిన్నది ఎన్నేళ్ళో, ఆవిడ ఈ మెట్టు మీద కృపమ్మతో కలిసి తిన్నదీ అన్నేళ్ళే, పైన ఇంకో రెండు.

క్యారేజీ మాస్టారే పట్టుకెళ్ళారు. కాలవగట్టున విస్తరి పరిచి, వేడన్నం పెట్టి, పులుసు తన చేత్తోనే పోశారు. ముక్కుకి వాసన కొట్టింది. మొహం తిప్పుకోలేదు. ఎక్కువసేపు చూడనవసరం లేకుండానే కాకులు వాలాయి. జనం హమ్మయ్య అనుకుని ఇంటికి మళ్ళారు.

చుట్టాలు ముందుగదిలో బంతి వేశారు. మాస్టారు అటు వెళ్ళలేదు. ఆసుపత్రి సంచిలోంచి రెండు కంచాలూ తీసి పెరట్లో గచ్చు మెట్టు మీద పక్కపక్కన పెట్టారు. క్యారేజీ సర్దుకుని వెళ్ళబోతున్న కృపమ్మ ఆగింది.

"ఎవరైనా వత్తన్నారాండి?" అని అడిగింది.

"నీకేనమ్మా. కూర్చో" అన్నారు మాస్టారు. అన్నం పెట్టి, క్యారేజీలో మిగిలిన పులుసు ఇద్దరికీ పోశారు. కృపమ్మ సంకోచిస్తూనే కూర్చుని, ప్రసూనాంబ పేరున్న కంచం ముందుకి జరుపుకుని, ఆయన ముక్కలో ముళ్ళు ఏరి పక్కన పెట్టింది. చిన్నప్పటి ఆ ముల్లు తర్వాత, అరవై ఒక్కేళ్ళ వయసులో ఆయన మళ్ళీ చేప తిన్నారు.

కాసేపయ్యాక, ఆవిడ ఎలా తినేదమ్మా అని అడిగారు.

"మాట్లాడతా తినేవారండి" అంది కృపమ్మ. "ముద్ద చేతిలో పట్టుకుని చెప్తానే ఉండేవారు, పులుసు మోచేతిదాకా కారిపోయేది. చూసుకుని ఒకటే నవ్వు. ఆఖర్న ఏళ్ళు నాకేవారండి, సిన్నపిల్లలాగ."

మాస్టారు కంచంలో చెయ్యి పెట్టుకుని ఆ మనిషిని ఊహించుకోడానికి చూశారు. తలుపు పక్కన నిలబడి, గరిటె పట్టుకుని, ఇంకొంచెం వడ్డించనా అని అడిగే మనిషే కళ్ళకి కనబడింది. నవ్వుతూ, వేళ్ళు నాక్కుంటూ, ఎడతెగకుండా మాట్లాడే ఆ రెండో మనిషిని ఆయన ఎప్పుడూ కలుసుకోలేదు. మళ్ళీ చెప్పమ్మా అని కృపమ్మని అడిగారు.